రస్కుల బండి

జనగామలో ఆ బండి చూడటానికి వెళ్లిన రోజు నా చేతిసంచిలో కొలతల టేపు ఉంది. నేను జాకెట్లు కుట్టేదాన్ని. టేపు మెడలో లేకపోతే సంచిలో ఉండాల్సిందే, అది లేకుండా కూరగాయలకు కూడా వెళ్లను. అమ్మే మనిషి ఇంజను గురించి మా ఆయనకు చెబుతుంటే నేను వెనక తలుపులు తీసి లోపలికెక్కి అడ్డం, పొడుగు, ఎత్తు కొలుచుకుంటున్నాను. నాలుగు చక్రాల చిన్న వ్యాను అది. చుట్టూ రేకు, పైన రేకు, డ్రైవరు సీటు వెనక కూడా రేకే. ఏళ్ల తరబడి ఓ బేకరీ సరుకును ఊళ్లకు చేరవేసిన బండి కాబట్టి లోపలంతా రస్కుల వాసన. నంబరు ప్లేటు పసుపుది.

"కిరాయిలు కొట్టనీకా అక్కా?" అని అడిగాడు ఆ మనిషి.

"కాదు. ఇంటికే."

"ఇంటికి గిదెందుకు? గీ పైసలకు మంచి పాత కారొస్తది. సల్లగ కూసోని పోతరు."

మా ఆయన నా వైపు చూశాడు. నెల రోజులుగా ఇంట్లో ఆయన పాడుతున్న పాట కూడా అదే. నేను టేపు చుట్టుకుంటూ, "కార్ల కుర్చీ పట్టది తమ్మీ" అన్నాను. ఏ కుర్చీ అని అతను అడగలేదు.

కుర్చీ మా బిడ్డది, చక్రాల కుర్చీ. పుట్టగానే ఏడవలేదు ఆమె. ఆ కాసేపటి ఆలస్యం ఆమె కాళ్లనూ చేతులనూ మాటనూ పట్టుకుంది. బుద్ధిని మాత్రం ముట్టలేదు. ముట్టి ఉంటే నాతో ఇన్ని పంచాయితీలు పెట్టుకునేది కాదు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. మాట ముద్దముద్దగా, సాగినట్టు వస్తుంది. కొత్తవాళ్లు విని నవ్వేసి ఊరుకుంటారు. వాళ్ల బాపు, అదే మా ఆయన, బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉన్నది తక్కువ, ఆయనకు సగం అర్థమవుతుంది, మిగతా సగానికి నా ముఖం చూస్తాడు. ఆమె అన్నది అన్నట్టు తెలిసేది నాకొక్కదానికే. అది చెప్పుకోవడం నాకు ఇష్టం కూడా.

కారైతే ఆమెను కుర్చీలోంచి ఎత్తి సీటులో కూర్చోబెట్టాలి, కుర్చీ మడిచి డిక్కీలో ఇరికించాలి, దిగేచోట మళ్లీ ఎత్తాలి. ఆటో అయితే కుర్చీని పైన తాడుతో కట్టాలి. ఇదంతా నలుగురి ముందు. చిన్నప్పుడు ఊరుకునేది. పద్దెనిమిది దాటాక ఒకసారి బస్టాండు దగ్గర మేమిద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తుతుంటే, "నన్ను బియ్యం బస్తా లెక్క ఎత్తకుండ్రి" అని అరిచింది. జనం తిరిగి చూశారు. ఏమన్నదో వాళ్లకు అర్థం కాకపోవడం ఒక్కటే మేలు. ఆ తర్వాత ఎక్కడికన్నా రమ్మంటే తల తిప్పుకునేది. పెళ్లిళ్లకు మా ఆయన ఒక్కడే వెళ్లి, మా ఇద్దరి తరఫున కూడా అక్షింతలు వేసి వచ్చేవాడు.

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. చిట్యాలలో మా తల్లిగారింట్లో ఉన్నప్పుడు నన్ను అందరూ కాలు నిలవని పిల్ల అనే పిలిచేవాళ్లు. అలాంటిదాన్ని, మానుకోటలో రెండు గదుల ఇంట్లో ఇరవై నాలుగేళ్లు కుట్టుమిషను తొక్కాను. ఆ తొక్కుడంతా రోడ్డు మీద తొక్కి ఉంటే కాశీకి పోయి వచ్చేదాన్ని. బిడ్డ కోసం బండి అని అందరికీ చెప్పాను. అబద్ధం కాదు. కానీ నా అరికాళ్లు కూడా దురద పెడుతున్నాయని ఎవరికీ చెప్పలేదు.

బండి కొన్నాం. జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా ఇంటికి వస్తుంటే ఒక ఊళ్లో మా ఆయన హారన్ కొట్టాడో లేదో, నలుగురైదుగురు పిల్లలు చేతుల్లో చిల్లర పట్టుకుని ఉరికొచ్చారు. బన్నులు లేవంటే ఒక పిల్ల నమ్మలేదు, వెనక తలుపు తీసి చూపించమంది. తీసి చూపించాడాయన. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి రోడ్డు పక్కన ఎవరు నిలబడ్డా కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుంది. అది తర్వాత నా ప్రాణానికి వచ్చింది.

ఇంటికి తెచ్చాక వారం రోజులు నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వడ్రంగితో వాలు బల్ల చేయించాను. కుర్చీ చక్రాలు కదలకుండా నేలకు నాలుగు కొక్కేలు పెట్టించాను. కుర్చీలో కూర్చున్నాక ఆమె తలకూ పై రేకుకూ మధ్య జానెడు సందు ఉండేలా చూశాను. పక్కన నా కోసం చిన్న స్టూలు. నా కొలత తప్పదని నాకు పొగరు. జాకెట్టు కుడితే మళ్లీ విప్పించిన గిరాకీ లేదు.

సరుకు బండిని ఇంటి బండిగా రాయించుకోవాలంటే ఆఫీసులో కాగితాలు మారాలి, తెల్ల ప్లేటు రావాలి. ముందు ఆ పని చేద్దామన్నాడు మా ఆయన. పూజ కాకుండా ఏ పనీ మొదలుపెట్టేది లేదని నేను పట్టుబట్టాను. కురవి వీరభద్రస్వామి దగ్గరికి ఎంత దూరం గనక? తెల్లవారి బయలుదేరదామన్నాను.

బిడ్డ ఆ రోజు నా కంటే ముందే లేచింది. ఆకుపచ్చ చీర కట్టమంది, కట్టాను. పూలు పెట్టమంది, పెట్టాను. వాలు బల్ల మీదుగా కుర్చీని తోస్తే ఎవరూ ఎత్తకుండా, ఎవరూ పట్టకుండా నేరుగా లోపలికి వెళ్లింది. గల్లీవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. నేను రాణిగారి వెనక దాసిలా ఎక్కి కూర్చున్నాను. మా ఆయన తలుపులు మూశాడు.

చీకటి.

పైన ఒక చిన్న బల్బు ఉంది. అది వేస్తే ఆమె ముఖం, నా ముఖం, చుట్టూ తెల్ల రేకు కనిపించాయి. బండి కదిలింది. కాసేపటికి అడిగింది.

"యాడున్నమమ్మా?"

"ఊరు దాటినం బిడ్డా."

ఇంకాసేపటికి, "ఇప్పుడు?"

"గదిగో, మిరపతోటలు. ఎర్రగ పండినయ్. కూలోళ్లు ఏరుతున్నరు."

ఆమె నన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నీకు గూడ ఏం కనపడ్తలేదు గదమ్మా" అంది.

అన్నీ కొలిచాను. ఆమె నడుమెంత, కుర్చీ వెడల్పెంత, బల్ల వాలు ఎంత, అన్నీ. బండికి కిటికీ లేదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో రేకుల మధ్య ఊగుతూ కూర్చున్న ఆ అరగంటలో తెలిసింది. ఆమెను ఒక చోటి నుంచి ఇంకో చోటికి పదిలంగా చేర్చడం గురించే నేను ఆలోచించాను. బస్తాలా ఎత్తవద్దంది కదా అని, బస్తాలు మోసే బండిలోనే పెట్టాను. కురవిలో కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, దండం పెట్టుకున్నాం. నేనేమీ కోరుకోలేకపోయాను. తిరిగి ఇంట్లోకి వచ్చాక ఆమె ఒక్క మాటే అంది.

"ఇంట్లనే నయముండె. వాకిలన్న కనపడ్తది."

మర్నాడు పొద్దున్నే వెల్డింగు షాపు ముందు ఉన్నాం. ఈసారి ఆమెను కూడా తీసుకుపోయాను. కిటికీ ఎక్కడ రావాలో సుద్దతో గీసిమ్మన్నాడు వెల్డింగు ఆయన. నేను టేపు తీశాను. ఆమె చెయ్యి చాచింది, టేపు కోసం కాదు, సుద్ద కోసం. ఆమె చెయ్యి ఒకచోట నిలవదు, గీత వంకర్లు పోయింది, మధ్యలో సుద్ద రెండుసార్లు కింద పడింది. నేను తీసి ఇవ్వబోతే మా ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు. పావుగంట పట్టింది. గీసింది చూస్తే కిటికీ అడుగు ఆమె కంటి ఎత్తు కంటే చాలా కిందికి ఉంది.

"గంత కిందికెందుకు బిడ్డా? ఎండ కొడ్తది" అన్నాను.

"ఆకాశం ఇంట్లకెల్లి గూడ కనపడ్తది. నాకు మనుషులు కనపడాలె. వాళ్ల కాళ్లు గూడ."

వెల్డింగు ఆయనకు అది నేనే చెప్పాను. అతను ఆమె గీసిన చోటే కోశాడు, వంకర మాత్రం సరిచేశాడు. డ్రైవరు సీటు వెనక రేకు తీసేయించాం. ఒక పక్కన నలుగురు కూర్చునే బల్ల వేయించాం. అప్పుడు కాగితాల పని. అటు తిరిగీ ఇటు తిరిగీ మా ఆయన చెప్పులు అరిగాయి. తెల్ల ప్లేటు వచ్చిన రోజు మిఠాయి పంచాడు.

ఇక అప్పటి నుంచి మేము ఇంటిపట్టున ఉన్న ఆదివారం లేదు. ఒకసారి గూడూరు, ఒకసారి తొర్రూరు, పని లేకపోయినా పోయి వచ్చేవాళ్లం. ఆమె ముక్కు అద్దానికి ఆనించి కూర్చునేది. నాకు మాత్రం నిమ్మళం లేకుండా పోయింది, ఎందుకంటే మా ఆయన చెయ్యెత్తిన ప్రతి మనిషికీ బండి ఆపేవాడు. మనుమరాలిని దవాఖానకు తీసుకుపోయే అవ్వ, అంగడిలో రెండు కోళ్లు కొని తెచ్చుకుంటున్న అన్న, బస్సు తప్పిపోయిన కాలేజీ పిల్లలు. పైసలిస్తే తీసుకునేవాడు కాదు.

"ఏందయ్యా, ఇది నీ డిపో బస్సా? అది బిడ్డ కోసం కొన్న బండి" అని కసిరేదాన్ని.

"బల్ల ఖాళీగనే ఉంది గదనే. ఎండల నిలబడ్డోన్ని సూసి ఎట్ల పోవాలె?"

ఎక్కిన వాళ్లు ఊరుకుంటారా? ముందు బిడ్డను చూస్తారు, తర్వాత కుర్చీని చూస్తారు, తర్వాత అడుగుతారు. "పేరేంది బిడ్డా?" నేను చెప్పేదాన్ని. "ఎప్పటిసంది గిట్ల?" చెప్పేదాన్ని. "మాట రాదా?" "వస్తది. మీకు తెల్వది." ఆమె ఏదో అనబోయేది, నేను అది పూర్తి కాకముందే వాళ్లకు చెప్పేసేదాన్ని. ఎవరూ ఇబ్బంది పడకుండా, ఆమెను జాలిగా చూసే సందు ఇవ్వకుండా, టకటకా. అందులో నాకు నేనే సాటి అనుకునేదాన్ని.

ఇలా ఉండగా మా అన్న కూతురి పెళ్లి కుదిరింది, చిట్యాలలో. మా బిడ్డకూ ఆ పిల్లకూ ఒకటే ఈడు. మా బిడ్డ ఫోనులో ఒక వేలితో టైపు చేస్తుంది, ఇద్దరూ రాసుకోని ముచ్చట లేదు. పెళ్లికి రెండు రోజుల ముందే పోదామని నేను ముగ్గురి బట్టలూ సర్దుతున్నాను. ఆమె నా చీరల వైపు చూసి అంది.

"నీయి పెట్టకు. నేను బాపు పోతం. నువ్వు పెండ్లినాటికి బస్సుల రా."

నాకు అర్థం కాలేదనుకుని రెండోసారి అంది. అర్థం కాకపోవడమా! గుండెల మీద తన్నినట్టు అర్థమైంది.

"నీళ్లు ఎవరు పోస్తరు? అన్నం ఎవరు తినిపిస్తరు? రాత్రి లేస్తే ఎవరు చూస్తరు?"

అన్నింటికీ ఆమె దగ్గర జవాబు ఉంది. మా అన్న కూతురితో, మా వదినతో ముందే రాసి మాట్లాడుకుంది. బాత్రూం గడప దగ్గర చెక్క కూడా వేయించారట. నా దగ్గర మిగిలిన సాకులన్నీ నాకు తెలియకుండానే ఖర్చయిపోయాయి.

"నేనేం పాపం చేసిన బిడ్డా?" అన్నాను చివరికి.

ఆమె మెల్లగా, ఒక్కో మాటా తోసుకుంటూ చెప్పింది. "నువ్వుంటే నన్ను ఎవ్వరు అడగరమ్మా. నిన్నడుగుతరు. నేను నోరు తెరిసేలోపల నువ్వు చెప్పేస్తవ్. నువ్వు చెప్పింది గూడ ఒక్కోసారి నేనన్నది కాదు."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నీ నోరై బతికాను కదా, ఇదా బహుమానం, అని ఎన్ని అనాలో అన్నీ అన్నాను. మా ఆయన వాకిట్లో బండి తుడుస్తూనే ఉన్నాడు, తుడిచిందే తుడుస్తూ. ఆమె ఏడవలేదు, మాట వెనక్కీ తీసుకోలేదు. మొండితనం ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి గదిలోకి వెళ్లి నా చీరలు బీరువాలో పెట్టేశాను.

పొద్దున ఏడింటికి బయలుదేరారు. నేను తల దువ్వాను, మందులు సర్దాను, కొక్కేలు రెండుసార్లు చూశాను. మా ఆయనకు పది జాగ్రత్తలు చెప్పాను. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపింది. బండి సందు తిరిగింది.

ఇంట్లోకి వచ్చి నిలబడ్డాను. ఆ ఇంట్లో నేను ఒంటరిగా ఉండటం అదే మొదటిసారి. కూర్చున్నాను, లేచాను. వాకిలి ఊడ్చాను, అరగంట తర్వాత మళ్లీ ఊడ్చాను. పొయ్యి వెలిగించబోయి, ఒక్కదాని కోసం ఏం వండుకుంటానని మానేశాను. మిషను దగ్గర కూర్చుని ఒక జాకెట్టుకు చేతులు పెడితే రెండూ ఒకే వైపువి పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక అలాంటి తప్పు చేయలేదు. ఇంతకాలం తిరగాలని అల్లాడిన దాన్ని, ఇప్పుడు తాళం వేసి ఎక్కడికైనా పోవచ్చు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఎక్కడికి పోవాలో తోచలేదు.

తొమ్మిదిన్నరకు ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. పదకొండు దాటాక ఎత్తాడు.

"యాడున్నరు? చిట్యాల రాలేదా ఇంక?"

"ఘనపూర్ మీదికెల్లి పోతున్నం. నర్సంపేటల ఒక ముసలవ్వ ఎక్కింది, ఆమెను ఘనపూర్‌ల దించి పోతం."

"గంత సుట్టు తిరుగుడా? నీకేమన్న పిచ్చా? బిడ్డకు నడుము నొస్తది!"

"దించి పోదామన్నది నీ బిడ్డనే. నేను బండి నడుపుతున్న, దానికిస్త, దాన్నే అడుగు."

ఫోను చేతులు మారిన చప్పుడు. గాలి, ఇంజను. తర్వాత నా బిడ్డ గొంతు.

ఏదో అంది. నాకు అర్థం కాలేదు.

"ఏంది బిడ్డా?" అన్నాను. మళ్లీ అంది. గొంతు ఆమెదే, సాగదీత ఆమెదే, మాట మాత్రం చేతికి చిక్కలేదు. మేమిద్దరం ఫోనులో మాట్లాడుకున్నది ఎప్పుడని! ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండే వాళ్లకు ఫోనెందుకు? ఇరవై నాలుగేళ్లు నేను చెవులతో విన్నాననుకున్నాను. ఆమె పెదవులు చూసి, కనుబొమలు చూసి విన్నానని అప్పుడు తెలిసింది. ముఖం కనిపించకపోతే నేనూ ఆ బస్టాండు జనంలో ఒకదాన్నే. "మళ్ల చెప్పు, మెల్లగ చెప్పు" అంటూ గోడ పట్టుకున్నాను.

అప్పుడు పక్క నుంచి ఇంకో గొంతు వినిపించింది, పళ్లు లేని గొంతు.

"అలో బిడ్డా. ఇన్పడ్తలేదా నీకు?"

ఎక్కిన ముసలవ్వ. నా జన్మలో చూడని మనిషి.

"ఇన్పడ్తుంది అవ్వా. తెలుస్తలేదు." ఆ మాట నా నోటితో నేనే అన్నాను. "మీకు తెలుస్తుందా?"

"మా పెనిమిటికి పచ్చవాతం వచ్చినంక ఆరేండ్లు గిట్లనే మాట్లాడిండు. జర సేపు ముఖం సూసుకుంట ఇంటె తెలుస్తది. నర్సంపేట కాడికెల్లి ముచ్చట పెడ్తనే ఉన్నం. మస్తు నవ్వుతది నీ బిడ్డ."

సంతోషపడాలి. పడ్డాను కూడా, కానీ అంతకంటే ముందు అసూయపడ్డాను. అది చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఫోనును చెవికి గట్టిగా అదిమి, ఇన్నేళ్లూ ఊరంతా నన్ను అడిగిన మాటను నేను ఆ అవ్వను అడిగాను.

"ఏమంటున్నది అవ్వా?"

అవ్వ అటు తిరిగి ఏదో అడిగింది. నా బిడ్డ చెప్పింది. అవ్వ తొందరపడలేదు, మధ్యలో అందుకోలేదు, ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"నువ్వు తిన్నవా అని అడుగుతున్నది బిడ్డా. ఫోను ఆమె చెవు కాడనే పెడ్తున్న. చెప్పు."

"తినలే బిడ్డా" అన్నాను. "ఇప్పుడు తింట."